ఆకు వక్కల మీద రూపాయి

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయినప్పుడు నా ఉద్యోగం మాత్రం తరల్లేదు. పర్మనెంటు వాళ్లు ఫైళ్లు కట్టలు కట్టుకుని రైలెక్కారు. నాలాంటి టెంపరరీ గుమాస్తాలకు టైపు కొట్టిన కాగితం ఒకటి ఇచ్చి, సంతకం చేయించుకుని, ఇక పొమ్మన్నారు. అప్పటికి నాకు మీసం కూడా సరిగా కుదురుకోలేదు. ఉద్యోగంలో చేరాక కుట్టించుకున్న రెండో చొక్కా ఇంకా దర్జీ దగ్గరే ఉంది. దాన్ని తెచ్చుకోవడానికి పోయినప్పుడు దర్జీ "ఏం సార్, ఎప్పుడు మీ ప్రయాణం?" అని అడిగాడు. రేపే అన్నాను. నేను పోయేది ఎక్కడికో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

నేను పని చేసింది రైతుల బావి అప్పుల దరఖాస్తులు చూసే చోట. దరఖాస్తు వచ్చేది, అప్పు మంజూరయ్యేది, కొన్నాళ్లకు చూసొచ్చినవాళ్ల రిపోర్టు వచ్చేది. బావి తవ్వబడినది, నీరు పడలేదు. ఆ మాటలు ఎన్నిసార్లు నకలు రాశానో నాకే తెలియదు. ఆ తర్వాత అదే రైతు పొలం వేలం కాగితం కూడా మా బల్ల మీదికే వచ్చేది. ఒక మనిషి మునిగిపోవడాన్ని మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూసే ఉద్యోగం అది. నీళ్లు లేని బావిలో మునిగిపోవడం మా సీమవాళ్లకే చెల్లింది.

మా ఊరు కడప జిల్లాలో, బద్వేలుకు ఆమడ దూరం. నాయనకు రెండు చేన్లుండేవి. కింది చేను ఇంటికి జొన్నలిచ్చేది. మీది చేను వాన పడితే ఏదో ఇంత వేరుశెనగ ఇచ్చేది, పడకపోతే రాళ్లిచ్చేది. నాకు కర్నూల్లో ఉద్యోగమైందని తెలిసిన నెలలోనే నాయన మీది చేన్లో బావి మొదలుపెట్టాడు. షావుకారు అప్పిచ్చింది నేలను చూసి కాదు, నా ఉద్యోగాన్ని చూసి. నీళ్లు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది నిలువుగా లేచిన చోట ఆగాడట. అక్కడే పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి, గడ్డపార దించారు. తొందరపడొద్దని నేను కర్నూలు నుంచి జాబు రాశాను. ఆ జాబు చేరేసరికి టెంకాయ పచ్చడి కూడా అయిపోయింది.

బావికి టెంకాయ కొట్టారంటే మావైపు ఇక నీళ్లు పడేదాకా ఆగకూడదు. మధ్యలో వదిలేసిన బావి ఆ ఇంటి మనిషిని ఒకరిని అడుగుతుందని నమ్మకం. నమ్మనివాళ్లూ ఉన్నారు గానీ వాళ్లూ ఆపరు. పొలం పోగొట్టుకున్నవాణ్ణి చూసి ఊరు అయ్యో అంటుంది. బావి ఆపినవాణ్ణి చూసి నవ్వుతుంది. అయ్యో అనిపించుకుని బతకొచ్చు, నవ్వులపాలై ఆ ఊర్లోనే ఎట్లా బతకడం? అందుకని రాయి తగిలినా, తూటాలు పెట్టి పేల్చుకుంటూ కిందికి పోతూనే ఉంటారు. ఉద్యోగం పోయేనాటికి మా బావి తొమ్మిది మట్లు దిగింది. ఒక మనిషి నిలువెత్తును మట్టు అంటారు మావాళ్లు. తొమ్మిదిమంది మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడేంత లోతు, అడుగున బండ.

ఉద్యోగం పోయిందని ఇంటికి రాయడానికి చేయి రాలేదు. నేనే పోయి చెప్దామని కర్నూల్లో బండెక్కాను. డోన్‌లో దిగి ఇంకో బండి మారాలి. ఆ బండి వచ్చింది, నిలబడింది, పోయింది. నేను ప్లాట్‌ఫారం మీది బెంచీ నుంచి కదల్లేదు. దాని తర్వాతి బండికీ లేవలేదు. నాయన ముఖం ముందు నిలబడే ఘడియను ఒక్కో బండి చొప్పున వెనక్కి తోస్తున్నానన్నమాట.

నా పక్కన ఒక రైతు కూర్చుని ఉన్నాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. కాసేపటికి నావైపు తిరిగి, "శెనక్కాయ ఇంకా చేన్లోనే ఉండాదప్పా. షావుకారేమో ఇప్పుడే దుడ్లు ఇస్తా, కాయ నాకే తోలాల అంటాండాడు. తీసుకోమంటావా?" అన్నాడు. నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది. ఆ మనిషి మీద కాదు, ఆ షావుకారు మీద, నా చేతిలోని కాగితం మీద, అసలు లోకం మీద. ఆ కోపంలో, అట్లా ముందే తీసుకున్నవాళ్లు ఎట్లా దిగజారిపోతారో, ఇంట్లో వస్తువు కుదువపెట్టి అయినా కోతదాకా ఎట్లా నెట్టుకురావాలో, తర్వాతి బండి వచ్చేదాకా చెప్పాను. అతను అంతా విని టీ, రెండు బొండాలు ఇప్పించాడు. "శానా బాగా చెప్తాండావప్పా. ఇదేనా నీ పని?" అన్నాడు.

"ఇదే నా పని" అన్నాను.

నోరు జారాక దాన్ని నిజం చేసుకోక తప్పలేదు. స్టేషను ఎదురుగా టీ కొట్టు నడిపే ముసలి సాయిబుకు కొట్టు వెనక ఒక గది ఉండేది. నెల తిరిగాక అద్దె ఇస్తానంటే ఒప్పుకున్నాడు. ఊరికి పోయి, ఉద్యోగం సంగతి చెప్పి, ఒక చాపా దుప్పటీ తెచ్చుకున్నాను. అమ్మ గొంతు తగ్గించి ఏడ్చింది. నాయన నన్ను మీది చేనికి తీసుకుపోయి బావిలోకి చూపించాడు. నేను అడక్కపోయినా, "తొమ్మిది మట్లు పోయినాం" అన్నాడు.

డోన్‌లో గది ముందు ఒక రేకు బోర్డు పెట్టాను. డబ్బు విషయములలో సలహాలు చెప్పబడును. జంక్షను కాబట్టి బండి కోసం గంటలు గంటలు కాచుకునేవాళ్లకు కరువు లేదు. వచ్చేవాళ్లు, కూర్చునేవాళ్లు, ఇంటి గుట్టంతా విప్పి చెప్పేవాళ్లు. నేను చెప్పేది శ్రద్ధగా వినేవాళ్లు. విని, తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాళ్లు. ఫీజు అంటే ఆశ్చర్యపోయేవాళ్లు. "మాటకు దుడ్లా?" అన్నాడొకాయన, నిజంగానే అర్థం కాక. "డాక్టరు సూదేస్తాడు. ప్లీడరు నల్లకోటేసుకుంటాడు. జోస్యం చెప్పేటోడు గవ్వలేస్తాడు. నువ్వేం జేస్తావప్పా?"

మా కడపవైపు డబ్బును లెక్క అంటారు. డోన్‌లో దుడ్లు అంటారు. టీ కొట్టు సాయిబు పైసలు అనేవాడు. ఇన్ని పేర్లున్న మనిషి ఒక్కసారి కూడా నా గది గడప తొక్కలేదు. రెండో నెల అద్దె కూడా బాకీ పడ్డాను. సాయిబు అడగడానికి రాలేదు, టీ తెచ్చాడు. నాకు ఆ రోజు అతని మంచితనం మీద కూడా కోపమొచ్చింది.

"ముఫత్‌గా ఇచ్చిన మాట చెవిలో నిలవదు బేటా" అన్నాడు. "మీ పల్లెల్లో పంచాయితీకి కూర్చుంటే పెద్దమనిషి ముందర ఆకు వక్క ఎందుకు పెడతారు?"

ఎందుకో నాకు తెలుసు. తగవు పడ్డ ఇద్దరూ తమలపాకుల మీద వక్కా, ఒక నాణెమూ ఉంచి పెద్దమనిషి ముందు పెడతారు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడంటే, ఆ తర్వాత ఏం చెప్పినా దాటకూడదు. తీసుకోకుండా లేచిపోయాడంటే ఆ మాటకు కట్టు లేదు.

"నువ్వూ అట్లే తీసుకో" అన్నాడు సాయిబు. "ముందు తీసుకో, తర్వాత చెప్పు. చెప్పింది చేయాల. చేయనోడు నీ గడప ఎక్కొద్దు."

ముసలాయన ఏదో తమాషాకు అన్నాడనుకున్నాను. అయినా అట్లే అడిగి చూస్తే ఆ వారంలోనే మొదటి పావలా వచ్చింది, ఆకుల మీద. ఆ తర్వాత రోజుకు ఇద్దరు ముగ్గురు రావడం మొదలైంది. కొన్నాళ్లకు గానీ నాకు అసలు సంగతి బోధపడలేదు. వాళ్లు తెలివి కోసం వచ్చేవాళ్లు కాదు. వాళ్లలో చాలామందికి ఏం చేయాలో ముందే తెలుసు. బావమరిది జామీను సంతకం పెట్టమంటాడు, పెడితే మునుగుతామని తెలుసు, కాదనడానికి నోరు రాదు. అట్లాంటివాడు నా దగ్గర ఆకు వక్క పెట్టి, నాతో వద్దనిపించుకుని, ఊరికి పోయి, "నేనేం జేయను బామర్దీ, డోన్‌లో ఆకిచ్చినా, ఆయప్ప వద్దన్న్యాడు, కట్టుబడినా" అని చేతులు కట్టుకునేవాడు. నేను సలహాలు అమ్ముతున్నానని బోర్డు మీద రాసుకున్నాను గానీ, అమ్మింది వద్దు అనే ఒక్క మాట. అది అనలేనివాళ్లకు నా నోరు పావలాకు అద్దెకిచ్చాను. ఆ విధంగా ఆ చుట్టుపక్కల బావమరుదులందరికీ నేను పరమశత్రువునయ్యాను.

బనగానపల్లెవైపు నుంచి ఒక చిన్న రైతు వచ్చాడు. క్రైస్తవుడు. "ఆకు మా ఇంట్లో వాడం సార్" అని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఒట్టి పావలానే నా చేతిలో పెట్టాడు. అతని అన్న మామిడి తోట గుత్తకు తీసుకుంటున్నాడు, తమ్ముణ్ణి జామీను నిలబడమంటున్నాడు. నేను వద్దన్నాను. అన్న ఇంకెవరినో పట్టుకుని, ఎక్కువ వడ్డీకి తోట తీసుకున్నాడు. కాయ ముదిరే రోజుల్లో గాలివాన వచ్చి తోటంతా నేల మీద పరిచింది. కొంతకాలానికి ఆ అన్న నా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవలేదు, చెయ్యెత్తలేదు. "నీ మాట ఇని నా తమ్ముడు బతికినాడు. నేను ఒగన్నే పోయినా. ఇద్దరం పోయింటే కలిసి కూలికి పోతాంటిమి" అన్నాడు. ఇప్పుడు ప్రార్థన గుడిలో ఆదివారం ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల కూర్చుంటున్నారట. నేను చెప్పింది తప్పు కాదు. అయినా ఆ మనిషి మెట్టు దిగిపోయాక చాలాసేపు నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

బావుల సంగతికి మాత్రం ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. వచ్చినవాణ్ణి మొదట ఒకటే అడిగేవాణ్ణి, టెంకాయ కొట్టినారా అని. కొట్టలేదంటే ఆకు తీసుకునేవాణ్ణి. కొట్టామంటే తీసుకునేవాణ్ణి కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పైగా టెంకాయ కొట్టినవాడు నీళ్లదాకా పోతానని మొక్కుకున్నాడు. నేను ఆకు తీసుకుని ఆపమంటే ఏదో ఒక మాట తప్పాల్సిందే. మనిషిని ఆ ఇరుకులో పెట్టడం నాకిష్టం లేదు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఇద్దరు నా ముందు కూర్చుని ఉండగా, టీ కొట్టు బెంచీ మీద ఒక మనిషి కనిపించాడు. తలపాగా కట్టిన తీరు చూసి నాయన లాగున్నాడే అనుకున్నాను. నాయనే. బద్వేలు నుంచి బస్సూ రైలూ పట్టుకుని, కబురు లేకుండా వచ్చాడు. నేను పరిగెత్తుకుని పోయి, లోపలికి రమ్మన్నాను, ఏమైంది, అమ్మకేమైనా అయిందా అని అడిగాను.

"మీయమ్మ బాగుండాది. నువ్వు వాళ్లది కానియ్. నేను వరసలో ఉండా" అన్నాడు.

ఆ ఇద్దరికీ నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. వాళ్లు లేచాక నాయన వచ్చి చాప మీద, వచ్చినవాళ్లు కూర్చునే చోటే కూర్చున్నాడు. పంచె చెంగు విప్పి తమలపాకులు తీశాడు. దారంతా వాడకుండా తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. వాటి మీద వక్క పెట్టాడు. వక్క పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టాడు. నన్ను పుట్టినప్పటినుంచి ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి, నా కళ్లలోకి చూసి, "ఏమప్పా, ఒగ మాట అడగాల" అన్నాడు.

నాయనా ఏంటిది అని ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మీది చేన్లో బావి తొమ్మిది మట్లు పోయింది. బండ. నా కొడుకు ఉద్యోగం పోయినాక షావుకారు లెక్క ఆపినాడు. ఇప్పుడు కింది చేను రాసిస్తే ఇంగ రెండు మట్లకు లెక్క ఇస్తానంటాండాడు. కింది చేను మాకు జొన్నలిచ్చే చేను. అది పోతే తినేదానికి లేదు. బావి ఆపితే ఊర్లో తలెత్తేదానికి లేదు. ఏం జేయమంటావు?"

"టెంకాయ కొట్టినారా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అలవాటుగా వచ్చేసింది.

"కొట్టినా" అన్నాడు. "కొట్టినోళ్ల కాడ నువ్వు ఆకు తీసుకోవని టీ కొట్టాయప్ప చెప్పినాడు. నా కాడ తీసుకోవాల."

"నేను తీసుకునేది పావలా" అన్నాను. ఇంకేదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని చూశాను.

"ఇది పావలా మాట కాదు."

అప్పుడర్థమైంది నాకు. నాయనకు నా సలహాతో పని లేదు. బావి ఆపాలని ఆయనకు ఎప్పుడో తెలుసు. మా నేల ఎట్లాంటిదో నా ఫైళ్ల కంటే ఆయన అరికాళ్లకే బాగా తెలుసు. తనంతట తాను ఆపితే చేతకానివాడు. కట్టుబడి ఆపితే మాట మీద నిలబడినవాడు. ఆ కట్టు కోసం అంత దూరం వచ్చాడు. వేరే పెద్దమనిషి దగ్గరికి పోయి ఆకు పెట్టొచ్చు, కానీ ఆపమని చెప్పే ధైర్యం చుట్టుపక్కల ఏ పెద్దమనిషికీ లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను, వద్దు అనే మాట అమ్ముకునేవాణ్ణి. కానీ నేను కొడుకుని. కన్నతండ్రి దగ్గర రూపాయి తీసుకుని మాట చెప్పినవాణ్ణి లోకం ఏమంటుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తన పరువు నిలుపుకోవడానికి నా పరువు అడగడానికి వచ్చాడు. అడగడానికి ఆయనకెంత కష్టమైందో ఆ తడిగుడ్డను చూస్తే తెలుస్తోంది. నాకు జాలీ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన మీద కోపం కూడా వచ్చింది. అబద్ధం చెప్పను.

చెయ్యి ముందుకు రాలేదు. నాయన ఆకులూ వక్కా రూపాయీ ఎత్తి నా చేతిలో పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటీ మూశాడు. ఆయన చేతులు బండ పొడికి పగిలి గరుకుగా ఉన్నాయి. "తీసుకోప్పా. తీసుకోకుంటే మాట నిలబడదు" అన్నాడు.

తీసుకున్నాను.

"బావి ఆపెయ్. ఇంకో తూటా పేల్చొద్దు. కింది చేను ఎవురికీ రాసియ్యొద్దు" అన్నాను.

"ఆపమంటాండావు."

"ఆపమంటాండా."

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ చాలాసేపు ఆ తువ్వాలును ముఖం మీదనుంచి తీయలేదు. తర్వాత లేచి, బండి ఎప్పుడుందని అడిగాడు. అన్నం తిని పొమ్మన్నాను, ఆగలేదు. ఆకు తీసుకున్నచోట తినడం బాగుండదన్నాడు. స్టేషనులో బండెక్కించాక, కిటికీ దగ్గర నిలబడితే, "మీది చేని గురించి ఊర్లో ఏమైనా అంటే నువ్వు పట్టించుకోవాకు" అన్నాడు. అప్పటికి మళ్లీ మా నాయన అయ్యాడు.

అనకుండా ఎట్లా ఉంటారు? నాయన ఊరికి పోయి, బావి గట్టు మీద పనివాళ్లకు కూలి ఇచ్చేసి, నలుగురూ వినేలా చెప్పాడట. నా కొడుకు ఆకు వక్క మీద రూపాయి తీసుకుని ఆపమన్న్యాడు, కట్టుబడినా, నేనేం జేసేది అని. జనం ఆయన్ను చూసి నవ్వలేదు. మాట కోసం బావినే వదులుకున్నాడని మెచ్చుకున్నారు. నా పేరెత్తితే మాత్రం ఉమ్మేశారు. సలహాలమ్ముకునేవాడు తండ్రిని కూడా గిరాకీ చేసుకున్నాడు అన్నారు. మా చిన్నాయన నాతో మాట్లాడడం మానేశాడు. నాకు సంబంధం చూస్తున్నవాళ్లు కబురు చేయడం ఆపేశారు.

ఆ తర్వాత నేను ఇంటికి పోయినప్పుడు నాయన అరుగు మీద కిత్తనారతో తాడు పేనుతున్నాడు. అమ్మ విస్తరి వేసింది, సంగటి పెట్టింది, ఎదురుగా నిలబడింది.

"మీ నాయన కాడ రూపాయి తీసుకున్న్యావంట?"

నేను నాయనవైపు చూశాను. ఆయన తాడు పేనుతూనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

"తీసుకున్నా" అన్నాను.

"బిడ్డప్పుడు నీకు జరమొస్తే ఈ మనిషి నిన్ను భుజాన ఏసుకుని బద్వేలుదాకా నడిచినాడు. దానికి యెవురికి రూపాయిచ్చినాడు?" అంది. "తిను" అని పెరట్లోకి పోయింది. ఆ రోజునుంచి నేను ఎప్పుడు పోయినా అన్నం పెట్టేది, తిన్నాక విస్తరి తీసేది. మధ్యలో మాట ఉండేది కాదు. నా తల్లి నాతో మాట్లాడకపోవడం నాకు ఉద్యోగం పోవడం కంటే పెద్ద దెబ్బ. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు.

పై ఏడాది మా దాయాది ఒకాయన, మా మీది చేనికి పక్కనే, బావి తీశాడు. పదకొండో మట్టులో ఊట పడింది. పెద్ద ఊటేం కాదు, రెండు మడులు తడుపుతుంది. అయినా నీళ్లు నీళ్లే. ఆ నీళ్లు చూడడానికి ఊరంతా పోయింది. నాయన కూడా పోయాడట. చూసి, బాగుండాయప్పా అని వచ్చేశాడట. అమ్మ పోలేదు. ఇంట్లోనే కూర్చుని నా పేరు పెట్టి ఏడ్చిందని తర్వాత తెలిసింది.

ఆ ఏడే వానలు మొండికేశాయి. పోయిన పంట కింది చేని జొన్నలు పాతరలో ఉన్నాయి కాబట్టి మా ఇంట్లో పొయ్యి వెలిగింది. ఊర్లో చాలా ఇళ్లలో వెలగలేదు. కూలి కోసం గుంపులు గుంపులుగా కొండ దాటిపోయారు. అమ్మ ఆ జొన్నల సంగటే నాకు వడ్డించేది. ఆ చేను ఎట్లా మిగిలిందో ఆమెకు తోచలేదని కాదు. చేను నాయన కష్టంతో మిగిలింది, బావి నా రూపాయితో పోయింది. ఆమె లెక్కలో ఆ రెంటికీ సంబంధం లేదు. తప్పు పట్టలేను. బావి ఆపమన్న మాట నాదేనని నాయనే చెప్పాడు మరి.

తర్వాత నాయనకు దగ్గు పట్టుకుంది. తూటాలు పేల్చిన బండ పొడి రొమ్ములో చేరిందన్నాడు కడప డాక్టరు. చూడ్డానికి పోయాను. అమ్మ ఊరి బావికాడికి నీళ్లకు పోయినప్పుడు ఆయన మంచం పక్కన కూర్చుని, ఎన్నాళ్లనుంచో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అడిగాను.

"నాయనా, ఊరితో నాకు పని లేదు. అమ్మ ఒక్కదానికైనా చెప్పు. నువ్వే వచ్చినావని, నువ్వే నా చేతిలో పెట్టి వేళ్లు మూసినావని చెప్పు."

ఆయన చాలాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత చెయ్యి చాచి నా మోకాలి మీద వేశాడు.

"చెప్తే ఆ రూపాయి చెల్లదప్పా" అన్నాడు.

మళ్లీ అప్పా అన్నాడు, ఆ రోజులాగా. నాకింక అడగడానికేం మిగల్లేదు. ఊరికి చెప్తే నాయన బావి ఆపాలనుకుని ఆపినవాడవుతాడు. అమ్మకు చెప్తే? అమ్మ ఎవరికీ చెప్పకపోవచ్చు. కానీ ఆమె కళ్లలో కూడా తాను మాటకు కట్టుబడినవాడిగానే ఉండాలనుకున్నాడు. ఏ మగవాడికైనా తన భార్య కళ్లలోనే కదా అసలు ఊరు. ఆ మాత్రం నేను అర్థం చేసుకున్నాను.

వానలు పడకముందే నాయన పోయాడు. అరుగు కింద చాప మీద పడుకోబెట్టి, స్నానం చేయించి, బొట్టు పెట్టారు. నుదుటన పెట్టడానికి రూపాయి బిళ్ల తెమ్మన్నాడు చిన్నాయన. నన్ను చూసి అనలేదు, గాలిలోకి అన్నాడు. ఆ రూపాయి నా జేబులో ఉంది. దాన్ని నేను ఏనాడూ ఖర్చు పెట్టలేదు. డోన్ నుంచి బయల్దేరేటప్పుడే తీసి పెట్టుకున్నాను, దాన్ని ఆయనతోనే పంపేద్దామని. ఆకు వక్కలు ఎప్పుడో ఎండి పొడైపోయాయి గానీ రూపాయి రూపాయిలాగే ఉంది. తీసి, వంగి, నాయన నుదుటి దగ్గరికి చెయ్యి చాచాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఏళ్ల తర్వాత ఆమె నన్ను ముట్టుకోవడం అదే.

"నీ రూపాయి వద్దు" అంది.

చీర కొంగు ముడి విప్పి ఇంకో రూపాయి తీసింది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు, "ఇది కింది చేని జొన్నలమ్మిన లెక్క. మీ నాయన కష్టం. ఇది పెడతా" అంది.

నాయన నుదుటి మీద ఆమె తన రూపాయి పెట్టి, జారిపోకుండా వేలితో కాసేపు అదిమి పట్టుకుంది. నేను నా రూపాయి జేబులో వేసుకుని పక్కకు జరిగాను. చెప్తే చెల్లదన్నాడు నాయన. నేను చెప్పలేదు.